ఆ రోజు నేను ఎక్కడివాణ్ణి

రాక్స్‌బీ, ఒహాయో
1974 జనవరి 20, ఆదివారం

ఆర్ఫా అక్కకి,

కాగితం జారిపోకుండా పైన ఉప్పు డబ్బా పెట్టి రాస్తున్నాను. ఎడమచెయ్యి కాగితాన్ని కూడా పట్టుకోలేదని ఇవాళే తెలిసింది. బొటనవేలొక్కటే మిగిలింది. దానితో కాగితం ఆగదు, తోస్తే పోతుంది.

క్రిస్మస్ భోజనాల దగ్గర టాల్బర్ట్ బాబాయి అన్నమాట నీ చెవిన పడిందా లేదా? "పని మీద ధ్యాసుంటే వేళ్లెందుకు పోతాయిరా? ముప్పయ్యేళ్లు గనిలో చేశాను, చూడు, పదీ ఉన్నాయి" అని చేతులు రెండూ ఆడించి చూపించాడు. అందరూ నవ్వారు. నువ్వు మొక్కజొన్న రొట్టె పళ్లెం ఇటు నుంచి అటు అందించావు. అంతే.

నీకు తెలుసు. ఆస్పత్రిలో నీకే మొదట చెప్పాను. పెడల్ ఒక్కసారి తొక్కాను. రేకు నొక్కే ప్రెస్సు రెండుసార్లు దిగింది. మొదటిసారి రేకు మీద, రెండోసారి నా చేతి మీద. నా ధ్యాస పనిమీదే ఉంది. ప్రెస్సు ధ్యాసే ఎక్కడుందో దాన్ని తయారుచేసిన క్రెస్విక్ కంపెనీని అడగాలి. ఆ మాట ఒక్కటి అని ఉంటే నీ సొమ్మేం పోయేది? నీ నోట్లో నాలుక లేదా?

సరే, విను. నాలుగేళ్లుగా ఇక్కడ గది అద్దెకి తీసుకున్నాను గానీ ఒక్క శుక్రవారం తప్పలేదు. షిఫ్టు దిగగానే దక్షిణానికి బారు కట్టే కెంటకీ కార్లలో నాదీ ఒకటి. సరిహద్దు నది దాటితే గానీ ఊపిరాడేది కాదు. అయిపోయింది. ఈ వారం కారు నంబరు మార్పించాను, ఒహాయో లైసెన్సు తీసుకున్నాను, ఓటు కూడా ఇక్కడికి రాయించాను. నేనిక రాను. ఇక్కడే బతుకుతాను, ఇక్కడే చస్తాను, ఇక్కడే పాతిపెడతారు. కొండమీద నాన్న పక్కన నాకని ఉంచిన జాగా ఎవరికైనా ఇచ్చెయ్. టాల్బర్ట్ బాబాయికే ఇయ్యి, పది వేళ్లతో హాయిగా పడుకుంటాడు.

నీ తమ్ముణ్ణని నువ్వింకా అనుకుంటే,
వెర్లిన్

*

స్మూట్ లోయ, కెంటకీ
1974 ఫిబ్రవరి 3

తమ్ముడు వెర్లిన్‌కి,

నీ ఉత్తరం అందింది. నువ్వు రాశావు, నేను చదివాను. ఏడేళ్లప్పుడు బడి అద్దం పగలగొట్టి నువ్వే వెళ్లి పంతులమ్మకి చెప్పొచ్చిన మనిషివి. రానన్నావంటే రావు.

నీ బూట్లు, చలికోటు, అమ్మ కుట్టిన దుప్పటి పెట్టెలో కట్టి బస్సుకి వేశాను. దారానికి గుచ్చి ఎండబెట్టిన చిక్కుడుకాయలు రెండు దండలు పెట్టాను. నానబెట్టకుండా ఉడికించకు, నీకు ఓపిక ఉండదు.

ఆ రోజు ఎందుకు మాట్లాడలేదని నువ్వు అడగలేదు. తిట్టావు. తిట్టడం వేరు, అడగడం వేరు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

చలి ఎక్కువగా ఉంది. బడి వంటశాలలో గొట్టాలు గడ్డకట్టి రెండ్రోజులు పిల్లలకి ఉడకబెట్టిన బీన్స్ పెట్టలేకపోయాం.

అక్క,
ఆర్ఫా

*

రాక్స్‌బీ
1975 నవంబర్ 16, ఆదివారం

అక్కా,

ఇరవై రెండు నెలలైంది ఉత్తరం రాసి. ఇవాళ రాయకపోతే ఛాతీ పగిలిపోతుంది. గెలిచాం!

నువ్వు పేపర్లో చూసి ఉండవు, అక్కడిదాకా ఎందుకొస్తుంది. మొదట్నుంచి చెప్తాను. చెయ్యి పోయిన ఫ్యాక్టరీ మీద కేసు వేయకూడదట, చట్టం ఒప్పుకోదు. ఆ ప్రెస్సు తయారుచేసిన క్రెస్విక్ ప్రెస్ వర్క్స్ మీద వేయొచ్చట. అదీ ఈ ఊళ్లోదే. వెక్స్‌లర్ అని ఓ లాయరు దొరికాడు, సన్నగా చీపురుపుల్లలా ఉంటాడు. "ఇక్కడ కౌంటీ కోర్టులో వేస్తే జూరీలో ప్రతి మూడోవాడూ క్రెస్విక్ తిండి తిన్నవాడే. ఫెడరల్ కోర్టుకి పోదాం, అక్కడ జూరీని పది కౌంటీల నుంచి పిలుస్తారు. ఇంతకీ మీదెక్కడ?" అన్నాడు. "కెంటకీ" అన్నాను. "భేష్" అని రాసుకున్నాడు. 1974 మార్చి 4న వేశాం.

తొమ్మిది రోజులు నడిచింది. నేను ఎన్ని బీర్లు తాగానో అడిగారు. రాత్రి ఎవరితో పడుకున్నానో అడిగారు. మా ఫ్యాక్టరీ షాపులో పెద్దాయన ఎస్టిల్ సాక్ష్యం చెప్పాడు. "అదే కంపెనీ ప్రెస్సు, నాకూ రెండుసార్లు దిగింది" అని చెయ్యెత్తి చూపించాడు, రెండు వేళ్లు లేవు. ఆ చెయ్యి దించమని జడ్జి చెప్పేదాకా దించలేదు. ముందు వరసలో ఓ రైతు భార్య తన వేళ్లు తానే పట్టుకుంది.

శుక్రవారం సాయంత్రం జూరీ వచ్చింది. ఒక్కో ప్రశ్నకీ జవాబు చదివారు. మూడో ప్రశ్న: ప్రమాదంలో కార్మికుడి తప్పు ఉన్నదా? జవాబు: లేదు.

లేదు! పన్నెండుమంది అన్నారక్కా. నాన్న మీద గని కప్పు కూలితే కంపెనీవాళ్లు ఏం రాశారో గుర్తుందా? "కార్మికుడి అజాగ్రత్త." ఆ కాగితం అమ్మ బైబిల్లో పెట్టుకుని చచ్చిపోయింది. మన ఇంట్లో ఇన్నాళ్లకి ఇంకో రకం కాగితం వచ్చింది. డబ్బు సంగతి వెక్స్‌లర్ చూసుకుంటాడు. నాకా "లేదు" కావాలి. ఈ తీర్పు నిలబడితే అమెరికాలో ఎక్కడెక్కడున్న ఆ రకం ప్రెస్సులకల్లా క్రెస్విక్ చేతులకి అడ్డంగా ఉండే కాపు బిగించక తప్పదంటున్నాడు. రేపు పొద్దున కూడా మా షాపులో ఆరుగురు వాటి కిందే చేతులు పెడతారు.

బాబాయికి ఈ ఉత్తరం చదివి వినిపించు. మూడో ప్రశ్న రెండుసార్లు చదువు.

వెర్లిన్

*

స్మూట్ లోయ
1976 ఫిబ్రవరి 22

వెర్లిన్‌కి,

నీ ఉత్తరం మూడు నెలలు కుట్టుమిషన్ సొరుగులో పెట్టుకుని తిరిగాను. ఏం రాయాలో తెలియలేదు. సంతోషించాను, అది ముందు రాయాలి. నువ్వు ఎలా ఉన్నావో రాశావు. నేనెలా ఉన్నానో అడగలేదు. బాగానే ఉన్నాను.

బాబాయికి చదివి వినిపించాను, మూడో ప్రశ్న నువ్వన్నట్టే రెండుసార్లు. ఆయన రెండుసార్లూ విన్నాడు. తరవాత "ఒహాయోవాళ్లకేం తెలుసు" అని గడప దాటి వెళ్లిపోయాడు. అన్నం తినలేదు.

పోయిన మంగళవారం నీ కేసు లాయర్ల దగ్గర్నుంచి ఒకాయన వచ్చాడు. బూడిదరంగు కోటు, బూట్ల నిండా మన బురద. పాపం అనిపించి లోపలికి పిలిచాను. బీన్స్, రొట్టె పెట్టాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. మంచి మాటకారి. "మీ తమ్ముడు ఇక్కడికి వస్తుంటాడా అమ్మా?" అన్నాడు. "క్రిస్మస్ తరవాత రాలేదు, రెండేళ్లయింది" అన్నాను. "మళ్లీ వచ్చే ఉద్దేశం ఉందంటారా?" అన్నాడు. "రానని రాశాడు" అన్నాను. "ఎప్పుడు?" అంటే ఉత్తరం తెచ్చి తేదీ చూపించాను. మధ్యలో బాబాయి గురించి రాసింది చేత్తో మూసి మిగతాది చదవనిచ్చాను. నీకు రావలసింది ఏ ఊరికి పంపాలో తెలుసుకోడానికి వచ్చాడేమో అనుకున్నాను. వెళ్తూ టోపీ తీసి దణ్ణం పెట్టాడు.

ఉప్పు డబ్బా సంగతి మరిచిపోలేదు. మన వాగులోంచి చదునైన రాయొకటి తీసి పంపుతున్నాను. బరువుగా ఉంటుంది, కాగితం కదలదు.

అక్క,
ఆర్ఫా

*

రాక్స్‌బీ
1976 మార్చి 1

అక్కా!

ఎంత పని చేశావు! ఆ బూడిద కోటువాడు నా లాయరు మనిషి కాదు, క్రెస్విక్ మనిషి! ఎవరి తరఫున అని అడగవా? కేసులో రెండు పక్షాలుంటాయని తెలియదా? పాముకి పాలు పోసి, పైగా ఇంకో గిన్నె వడ్డించావు!

ఏం జరిగిందో నీకు అర్థమయ్యేట్టు చెప్తాను. నాకే అర్థం కావడానికి లైబ్రరీలో వారం పట్టింది. ఫెడరల్ కోర్టు అందరికీ తెరిచే కోర్టు కాదు. ఒక రాష్ట్రంవాడికీ ఇంకో రాష్ట్రంవాడికీ తగువైతేనే మాలాంటి కేసుకి తలుపు తీస్తుంది. నేను కెంటకీవాణ్ణి, క్రెస్విక్ ఒహాయోది అయితే సరే. ఇద్దరం ఒహాయోవాళ్లమే అయితే, మీ ఊరి కోర్టుకి పొమ్మంటుంది. మనిషి ఏ రాష్ట్రంవాడు అన్నది ఎలా తేలుస్తారో తెలుసా? ఎక్కడ ఉంటున్నాడు, ఎక్కడ ఉండిపోదామని మనసులో అనుకుంటున్నాడు, ఈ రెండూ కలిపి చూస్తారు. అదీ కేసు వేసిన రోజున. మార్చి 4న.

నాలుగేళ్లు ఇక్కడ అద్దెకున్నా నేను కెంటకీవాణ్ణే. ప్రతి శుక్రవారం వచ్చేవాణ్ణి, అక్కడే ఓటు, అక్కడే జాగా. ఒహాయోలో ముప్పయ్యేళ్లు పనిచేసిన మనవాణ్ణి "మీదెక్కడ?" అని అడుగు, ఏమంటాడు? వాగు పేరు చెప్తాడు. నేనూ అదే చెప్పాను. చీపురుపుల్ల వెక్స్‌లర్ రాసుకున్నాడు. క్రెస్విక్ కూడా "ఒప్పుకుంటున్నాం" అని సంతకం పెట్టింది. ఇరవై నెలలు ఒప్పుకుంది! ఓడిపోయాక కొత్త లాయర్లను పెట్టుకుని, నా లైసెన్సు తేదీ, ఓటు తేదీ తవ్వి తీశారు. రెండూ జనవరివే. కేసుకి ఆరు వారాల ముందు. ఇప్పుడు నా చేతిరాతతో "ఇక రాను, ఇక్కడే చస్తాను" కూడా దొరికింది.

ఇప్పుడా అడిగేది, ఆలస్యం కాలేదా అన్నాను. ఎప్పుడైనా అడగొచ్చట. తీర్పొచ్చాక కూడా. వాళ్లు ఒప్పుకున్నా, నేను ఒప్పుకున్నా, జడ్జికి ఇష్టమున్నా లెక్కలేదట. కోర్టుకే అధికారం లేకపోతే జరిగిందంతా జరగనట్టేనట. ముగ్గురు పిల్లలు పుట్టాక ఎవడో వచ్చి, మీ పెళ్లి చేసిన బోధకుడికి పెళ్లిళ్లు చేసే హక్కు లేదు, పిల్లల్ని దించండి అన్నట్టుంది.

జూన్‌లో విచారణ. నిన్ను పిలుస్తారు. నువ్వు ఒక్కమాట చెప్పు చాలు: వాడు కోపంలో రాశాడు, మనసులో లేదు, తిరిగొస్తాడని నాకు తెలుసు అని. అంతే. ఒక్కసారన్నా నా పక్షాన నోరు విప్పు.

రాయి సొరుగులో పడేశాను. ఉప్పు డబ్బానే నయం.

వెర్లిన్

*

స్మూట్ లోయ
1976 మార్చి 14

తమ్ముడూ,

సమన్లు వచ్చాయి. నీ ఉత్తరం వెంట తెమ్మని రాశారు. ఎవరి తరఫున అని అడక్కపోవడం నా తప్పే. ఇంటికొచ్చినవాడు అన్నం తిన్నాక పేరు అడగడం మన పద్ధతి. దానివల్ల ఇంత అవుతుందనుకోలేదు.

నువ్వు చెప్పమన్నమాట పదిసార్లు పైకి అని చూశాను. పాలు పితుకుతూ అన్నాను. "మనసులో లేదు, తిరిగొస్తాడని నాకు తెలుసు." నాకు తెలియదు వెర్లిన్. నువ్వు రానని రాశావు, రాలేదు. రెండు క్రిస్మస్‌లు నీ పళ్లెం పెట్టి తీసేశాను. నాకు తెలిసింది అంతే. నీ మాట నమ్మినందుకు ఇప్పుడు నన్ను కోప్పడుతున్నావు. నమ్మకుండా ఉండి ఉంటే అప్పుడు కోప్పడేవాడివి.

దేవుడి పేరున చెయ్యెత్తి, నా తమ్ముడు ఉత్తరంలో అబద్ధం రాశాడు అని చెప్పమంటున్నావు. ఆ చెయ్యి దించాక ఇంటికెలా రాను?

ఒకటి నాకు అర్థం కాలేదు. తొమ్మిది రోజులు విన్న జడ్జి అదే మనిషి కదా. ఎస్టిల్ గారి చెయ్యి చూసింది ఆయనే కదా. ఆ కళ్లతో చూసింది ఎలా చూడనట్టు అవుతుంది?

జూన్‌లో వస్తాను. బస్సులో.

ఆర్ఫా

*

రాక్స్‌బీ
1976 ఆగస్టు 8, ఆదివారం

ఆర్ఫాకి,

బుధవారం తీర్పొచ్చింది. కొట్టేశారు. జూరీ లేదు, తొమ్మిది రోజులు లేవు, మూడో ప్రశ్న లేదు, దాని కింద "లేదు" కూడా లేదు.

జూన్ 17న నువ్వు నాతో మాట్లాడకుండా వెళ్లిపోయావు. నేనూ మాట్లాడలేదు. నువ్వు చెప్పింది నేను విన్నాను. నేను చెప్పింది నువ్వు వినలేదు, బస్సు వేళైంది. అందుకని రాస్తున్నాను. ముందు నీది, నువ్వెలా వినిపించావో నీకు తెలియాలి.

క్రెస్విక్ లాయరు: "అమ్మా, మీ తమ్ముడు అబద్ధాలాడే మనిషేనా?"

నువ్వు: "కాదండీ."

"ఈ ఉత్తరం అందినప్పుడు నమ్మారా?"

"నమ్మాను."

"ధన్యవాదాలు."

చీపురుపుల్ల లేచాడు: "కోపంలో రాశాడు కదమ్మా?"

"కోపంలోనే రాశాడు. కోపంలోనైనా వాడు అబద్ధం రాయడు."

చీపురుపుల్ల కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. కన్నతల్లి కూడా అంత గొప్పగా చెప్పలేదు, శత్రువు కూడా అంత లోతుగా పొడవలేడు. నువ్వు టోపీ సర్దుకుని, నన్ను దాటి, తలుపు తోసుకుని వెళ్లిపోయావు.

తరవాత నన్ను ఎక్కించారు. వారం రోజులు అద్దం ముందు అభ్యాసం చేశాను. "అది కోపం మాట. నా ఇల్లు కెంటకీ." ఎంత చిన్న మాట! చీపురుపుల్ల అడిగినప్పుడు సగం చెప్పాను కూడా. అప్పుడు క్రెస్విక్ లాయరు లేచి, ఎంత నెమ్మదిగా అడిగాడో తెలుసా: "కిందటి నవంబర్లో పెడల్ ఒక్కసారే తొక్కానని ఇదే కుర్చీలో చెప్పారు. జూరీ మిమ్మల్ని నమ్మింది. ఇందాక మీ అక్కగారు కూడా నమ్మానన్నారు. ఈ ఉత్తరంలో రాసింది అబద్ధమా?"

అబద్ధమని అని ఉంటే గెలిచేవాణ్ణేమో. కానీ అక్కా, పెడల్ ఒక్కసారే తొక్కానన్న నోరు అదే కదా. దాంతోనే ఇంకోటి అనాలా?

"రాసినరోజు నిజమే రాశాను" అన్నాను.

జడ్జి వంగి అడిగాడు: "మార్చి నాలుగు నాటికి?"

"మార్చి నాలుగుకి కోపం తగ్గలేదండి. మే దాకా తగ్గలేదు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తీర్పులో రాశాడు: తొమ్మిది రోజులు విన్నాను, జూరీ పొరపడిందని నేననను, కానీ లేని అధికారాన్ని నాకు నేను ఇచ్చుకోలేను, మీరిద్దరూ కలిసి ఇచ్చినా పుచ్చుకోలేను. నువ్వడిగిన ప్రశ్నకి అదీ జవాబు. చూసినవాడికే చూసే హక్కు లేదట. తిట్టాలంటే కూడా తిట్టబుద్ధి కాలేదు. తిట్టాననుకో.

ఎస్టిల్ ఏప్రిల్‌లో పోయాడు. ఊపిరితిత్తులు. మళ్లీ విచారణ జరిగితే ఆయన మాటలు కాగితం మీంచి చదువుతారట. కాగితం చెయ్యెత్తి చూపించదు కదా.

చీపురుపుల్ల రెండు దారులున్నాయంటున్నాడు. ఏడాది లోపల ఇక్కడ కౌంటీ కోర్టులో మొదట్నుంచి వేయొచ్చు. క్రెస్విక్ ఊళ్లో, క్రెస్విక్ జూరీ ముందు. లేదా నేను నిజంగా కెంటకీ వచ్చేసి, అక్కడే స్థిరపడి, ఫెడరల్ కోర్టులో మళ్లీ వేయొచ్చు. "నిజంగా అయితేనే" అని మూడుసార్లు అన్నాడు. నేను రెంటికీ చెడ్డ రేవణ్ణి. ఒహాయోవాళ్లు నన్ను కొండవాడంటారు, కోర్టు ఒహాయోవాడంది.

నిన్ననడానికేం లేదు. అయినా మూడు రోజులు తిట్టుకున్నాను, గట్టిగా, గదిలో, పక్కగదివాడు గోడ కొట్టేదాకా. తరవాత నీ పాత ఉత్తరం తీశాను. తిట్టడం వేరు, అడగడం వేరు అని రాశావు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ క్రిస్మస్ రోజు ఎందుకు మాట్లాడలేదు?

వెర్లిన్

*

స్మూట్ లోయ
1976 ఆగస్టు 22

నా తమ్ముడు వెర్లిన్‌కి,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. కూర్చుని చదువు.

నాన్న కాగితం మీద "కార్మికుడి అజాగ్రత్త" అన్న మాట కింద ఒక సాక్షి సంతకం ఉంటుంది. నువ్వెప్పుడూ కిందిదాకా చదవలేదు. అమ్మ నన్ను చదవనిచ్చింది, నీకు చెప్పొద్దంది. అది టాల్బర్ట్ బాబాయి సంతకం. ఆ రోజు కప్పు కింద దుంగలు తక్కువగా ఉన్నాయని ఆయనకి తెలుసు. సంతకం పెడితే పని ఉంటుందన్నారు. ఇంట్లో అమ్మ, మనిద్దరం, వాళ్ల నలుగురు పిల్లలు. పెట్టాడు. ఇరవై ఏళ్లు ఆ జీతం మీదే మనందరం తిన్నాం. అప్పట్నుంచి ఎవరికి దెబ్బ తగిలినా ఆయన అజాగ్రత్తే అంటాడు. అనకపోతే ఆయనకి నిద్ర పట్టదు.

ఆ రోజు నేను నోరు తెరిస్తే "ప్రెస్సు తప్పు" అని ఆగేదాన్ని కాదు. నాన్న దగ్గరకెళ్లేది మాట. పిల్లలందరి ముందూ, ఆ ముసలాయన పది వేళ్లూ గాల్లో ఉండగా. అందుకని రొట్టె అందించాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. నీ పక్కన లేనట్టు నీకు కనబడింది, అది మాత్రం తప్పు.

ఇంకోటి ఉంది. ఇది నువ్వు అడగలేదు. అడక్కుండా చెప్పడం నాకిదే మొదలు.

నాన్న పక్కన నీ జాగా ఎవరికీ ఇవ్వలేదు. నీ ఉత్తరం నమ్మాను, పాటించలేదు. మూడేళ్లుగా మే నెల ఆఖరి ఆదివారం సమాధులు బాగుచేసే రోజున, నాన్నదీ అమ్మదీ గీకాక నీదీ దోకుడుపారతో నున్నగా గీకుతున్నాను. గడ్డి పరకైనా ఉండదు. ఈ ఏడాదీ చేశాను, కోర్టుకి రావడానికి పద్దెనిమిది రోజుల ముందు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ చేత్తోనే ప్రమాణం చేశాను. ఉత్తరం నమ్మావా అని అడిగారు. ఆ జాగా ఏం చేశావమ్మా అని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. అది నీ కేసుకి పనికొచ్చేదేమో అని బస్సులో లెక్సింగ్టన్ దాటాక తట్టింది. అప్పట్నుంచి నాకు అన్నం సహించడం లేదు. మీ లాయరు గారిని కనుక్కో.

నీ ఉత్తరం బాబాయికి చదివాను. "రమ్మను వాణ్ణి. ఇక్కడికొచ్చేసి పెద్ద కోర్టులోనే మళ్లీ వేసుకోమను, మా కొట్టంలో ఉండమను" అన్నాడు. లేచి వెళ్లబోతూ, "ఆ ప్రెస్సు నిజంగా రెండుసార్లు దిగిందంటావా?" అని అడిగాడు. ఇన్నాళ్లకి మొదటిసారి.

నువ్వు రావాలని నాకుంది. కానీ కోర్టు తలుపు కోసమైతే రాకు. అలా వచ్చిన తరవాత ఆ బూడిద కోటాయన మళ్లీ నా గడపెక్కి "మీ తమ్ముడు ఇక్కడే ఉండిపోతాడా అమ్మా?" అంటే ఏం చెప్పను? ఈసారి బీన్స్ పెట్టను గానీ అబద్ధం కూడా చెప్పలేను.

నీ అక్క,
ఆర్ఫా

*

1976 సెప్టెంబర్ 5, ఆదివారం

అక్కా,

పైన ఊరి పేరు రాయలేదు, చూశావా? మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. తేదీ చాలనుకున్నాను. ఈ దేశంలో మనిషిని పట్టేసేది తేదీయే.

చీపురుపుల్లని అడిగాను. పనికొచ్చేది కాదట. చట్టం చూసేది నా మనసులో ఏముందో, నీ పార ఏం చేసిందో కాదట. కాబట్టి అన్నం తిను. పనికొచ్చేదని ఆయన చెప్పి ఉంటే నీకు రాసేవాణ్ణా అని ఆలోచించాను. రాసేవాణ్ణి. నీ తమ్ముణ్ణి కదా.

బాబాయి సంతకం సంగతి చదివి కారెక్కాను. తన్నడానికే బయల్దేరాను, దాచడమెందుకు. నది ఒడ్డుదాకా వచ్చి వంతెన ఇవతల ఆపాను. ఒక గంట కూర్చున్నాను. రేపు మా ఫోర్‌మన్ ఇంకొకడి వేళ్ల గురించి కాగితం పెట్టి సంతకం చెయ్యమంటే నేనేం చేస్తాను? చెయ్యను. కానీ నాకు నలుగురు పిల్లలూ, గనిలో చచ్చిపోయినవాడి ఇద్దరు పిల్లలూ లేరు. కోపం తగ్గిందని కాదు. తగ్గలేదు. దాన్ని ఎవరి మీద వెయ్యాలో కొంచెం తెలిసింది. కారు తిప్పుకుని వచ్చేశాను.

కెంటకీకి మకాం మార్చను. పని ఇక్కడుంది, ఆ ప్రెస్సులు ఇక్కడున్నాయి. పోయిన వారం మా షాపులోకి పందొమ్మిదేళ్ల పిల్ల ఒకతి కొత్తగా చేరింది. ఆమెకిచ్చింది నా వేళ్లు తీసిన ప్రెస్సే, ఐదో నంబరు. దగ్గర నిలబడి, రేకు చేత్తో తియ్యకు, పటకారుతో తియ్యి అని చెప్పాను. పటకారుతో తీస్తే లెక్క తగ్గుతుందని ఫోర్‌మన్ ఇద్దర్నీ తిట్టాడు. తిట్టనీ.

గురువారం ఈ ఊరి కౌంటీ కోర్టులో కేసు వేశాం. కిటికీ దగ్గర గుమస్తా పేరడిగింది, చిరునామా అడిగింది. "మీదెక్కడ?" అని కూడా అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. ముద్ర కొట్టి, "తరవాతివాళ్లు రండి" అంది. ఇక్కడ ఎక్కడివాడైనా ఒకటే. జూరీలో నలుగురైదుగురు క్రెస్విక్‌వాళ్లే వస్తారు, ఓడిపోవచ్చునని చీపురుపుల్ల ముందే చెప్పాడు. ఉండనీ. క్రెస్విక్‌వాళ్లలో కూడా వేళ్లు లేనివాళ్లున్నారు. నేను నా చెయ్యి చూపిస్తాను. ఈసారి నాతోపాటు ఎస్టిల్ చెయ్యి లేదు, అదొక్కటే నాకు భయం.

ఈ ఉత్తరం మీద రాయి పెట్టి రాస్తున్నాను. నువ్వు పంపిందే. కదలడం లేదు.

శుక్రవారం షిఫ్టు మూడున్నరకి దిగుతుంది. ఆరున్నరకల్లా నది దాటతాను. మే నెలలో గీకిందంటే ఈపాటికి గడ్డి మోకాలెత్తు లేచి ఉంటుంది. దోకుడుపార తీసి గడప దగ్గర పెట్టు, పదును నువ్వు పెట్టకు, నాకు ఒక చెయ్యీ ఒక బొటనవేలూ చాలు. ఆదివారం మధ్యాహ్నం తిరిగి బయల్దేరతాను. ఉండిపోతాడా అని ఎవరైనా అడిగితే, ఆదివారం దాకా ఉంటాడని చెప్పు. అది నిజం.

బాబాయి అడిగినదానికి నువ్వు జవాబు చెప్పకు. నన్నే అడగమను. భోజనాల దగ్గర, అందరి ముందూ. నేను రొట్టె పళ్లెం పట్టుకుని వింటాను.

నీ తమ్ముడు,
వెర్లిన్